లెంపి అనే పేరు

పాత ఫిన్లాండు మాటల్లో లెంపి అంటే ప్రేమ. ఆ పేరున్న పిల్లకు మాత్రం హిల్యా పొడ గిట్టేది కాదు.

ఇద్దరూ కెర్తు అవ్వ దగ్గర మంత్రసానితనం నేర్చుకుంటున్నారు. ఆ సరస్సు ఊళ్లో కాన్పులన్నీ సౌనాలోనే. ఇంటికల్లా వెచ్చగా, శుభ్రంగా ఉండే చోటు ఆ ఆవిరి గదే మరి. నొప్పులు మొదలైతే చాలు, "హిల్యాను వెంటబెట్టుకు రా అవ్వా" అనేవాళ్లు అందరూ. లెంపి వెనకాల నీళ్లు మోసేది.

ఆ రోజూ బిడ్డను హిల్యాయే పట్టింది. లెంపి కుండ దబ్బున దించింది.

"పేరేమో ప్రేమ. నన్ను ప్రేమించినవాళ్లు ఒక్కరుంటే చూపించు అవ్వా. కన్నతల్లి పురిట్లోనే పోయె. వెక్కిరించడానికి కాకపోతే ఎవరు పెట్టారీ పేరు?"

"నేనే," అంది అవ్వ.

వెంటనే బాలింత నుదురు తాకి చూసింది. ఒళ్లు కాలిపోతోంది, పాలు పడలేదు. అవ్వ పసిదాన్ని గొర్రెతోలులో చుట్టి లెంపి చేతుల్లో పెట్టింది.

"హిల్యా వదిన చంటిబిడ్డ తల్లి, పాలున్నాయి. వెళ్లి అడుగు."

"వాళ్లింటికి హిల్యాయే పోవచ్చుగా?"

"నువ్వే పోవాలి."

ఆ గుమ్మంలో దేబిరించడం కంటే సరస్సులో పడి చావడం నయమని గొణుక్కుంటూ మంచులో నడిచింది లెంపి. దారిలో పసిది ఏడుపు మానేసింది. అప్పుడు పరుగెత్తింది.

తలుపు తీసిన వదిన చెయ్యి చాపలేదు. పేరులేని బిడ్డకు పాలిస్తే సొంత బిడ్డకు కీడని అక్కడివాళ్ల భయం.

"పేరు పెట్టారా దీనికి?"

పెట్టలేదు. చేతుల్లో బిడ్డ చల్లబడుతోంది.

"లెంపి," అంది. "దీని పేరు లెంపి. కాస్త తీసుకో వదినా."

వదిన ఆమె మొహంలోకి చూసింది. రవిక ముడి విప్పుతూ, "లోపలికి రా, చలి," అంది.

తిరిగొచ్చాక, కడుపు నిండి నిద్రపోతున్న బిడ్డను అవ్వ అందుకుంది.

"పేరడిగారా?"

లెంపి తలొంచుకుంది. "అడిగారు. నా పేరే చెప్పేశాను. ఇంకేదీ తోచలేదు."

"నిన్నెత్తుకెళ్లిన రోజు నాకూ తోచలేదు, ఆ గుమ్మంలోనే," అంది అవ్వ. "హిల్యా అప్పుడు వాళ్లమ్మ రెండో రొమ్ము దగ్గరుంది."