వరసకి లొంగని చిలకలు

అనగనగా ఒక రాజు. ఆయనకి ఇద్దరు కొడుకులు, వాళ్ల తర్వాత కలువమాల అనే కూతురు. వినండర్రా, ఈ కథ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది!

ఏడు సముద్రాల అవతల జటాకంకుడని ఒక మాంత్రికుడు. వాడి తోటలో కాలు పెట్టినవాళ్లకి ఒకటే పరీక్ష. "నా ముప్ఫయ్యొక్క చిలకల్నీ సమానమైన వరసల్లో కూర్చోబెట్టు. అన్నీ ఒకే వరసలో ఉండకూడదు, వరసకి ఒక్కటే ఉండకూడదు. ఓడితే రాయైపోతావు" అనేవాడు. ఆ పరీక్ష గెలుస్తానని పెద్దవాడు వెళ్లాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్లాడు, వాడూ రాయయ్యాడు. లోకం ఊరుకుంటుందా? "రాజుగారి కొడుకులు లెక్క రాని మొద్దులు" అంది. ఆ మాటకి కలువమాల భగ్గుమంది. పెద్ద చేప వీపెక్కి సముద్రాలు దాటింది. దారిలో నీళ్లలో కొట్టుకుపోతున్న చీమని కాపాడితే, అదీ కొంగు పట్టుకుని వెంటొచ్చింది.

తోటలో అన్నలిద్దరూ తలలు దించుకుని రాళ్లై ఉన్నారు. కలువమాల ఏడుపు మింగి పని మొదలెట్టింది.

రెండు వరసలు పెట్టింది. ఒక చిలక మిగిలింది. మూడు వరసలు పెట్టింది. ఒకటి మిగిలింది.

"నాలుగు చూడమ్మా" అంది చీమ.

"రెండుకే లొంగనిది నాలుగుకి లొంగుతుందా?" అని అయిదు వరసలు పెట్టింది. మళ్లీ ఒకటి మిగిలింది.

"ఆరు? ఏడు?"

"ఆగవే! ఆరార్ల ముప్ఫయ్యారు. వరసలూ ఆరుకి తగ్గక, వరసలో చిలకలూ ఆరుకి తగ్గకపోతే లెక్క ముప్ఫయ్యొకటి దాటిపోతుంది. రెంటిలో ఒకటి అయిదులోపు ఉండి తీరాలి. అయిదులోపు అన్నీ చూసేశాంగా!"

అనగానే ఆమె మొహం ఎర్రబడింది.

"ఒరేయ్ జటాకంకా! ముప్ఫయ్యొకటి ప్రధాన సంఖ్యరా! ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ దాన్ని సమంగా పంచలేదు. ఆ రెండింటినీ నువ్వే వద్దన్నావు! ఇది పరీక్షా, మోసమా?"

వాడు పకపకా నవ్వాడు. అప్పుడు చూసింది కలువమాల. మూడుసార్లూ మిగిలింది ఒకే చిలక. తక్కిన చిలకలు దాన్ని పక్కకే రానివ్వడం లేదు. పైగా వాడు నవ్వితే అదీ వాడి గొంతుతోనే నవ్వుతోంది. అది లేకపోతే ఉన్నవి ముప్ఫై. ముప్ఫై ఎంత మంచి లెక్క! రెండు, మూడు, అయిదు, ఆరు, పది, పదిహేను, ఇన్ని రకాల వరసలకి ఒదిగిపోతుంది. లెక్క చెడగొట్టడానికి వీడు తన ప్రాణాన్నే చిలకని చేసి కలిపాడన్నమాట! గభాలున దాని మెడ పట్టుకుంది.

"అమ్మా, వదులు!" అని మాంత్రికుడు గిలగిల్లాడాడు.

"కుదరని పని పెట్టానని నీ నోటితో చెప్పు. గట్టిగా, మా అన్నలకి వినపడేలా!"

"కుదరదు! ఎవరికీ కుదరదు!"

ఆ మాటకి రాళ్లు పగిలాయి, అన్నలిద్దరూ లేచారు. మాంత్రికుడు మళ్లీ మంత్రదండం ఎత్తబోతే, ఆమె చిలక మెడ విరిచింది. వాడు అక్కడే కూలాడు.

తర్వాత ముగ్గురూ ఇల్లు చేరారు. మెచ్చినవాణ్ణి పెళ్లాడి కలువమాల చాలాకాలం చల్లగా రాజ్యమేలింది. అదంతా సరేగానీ, ఆ రోజు తోటలో పెద్దన్న తల ఎత్తలేకపోయాడు.

"మాకు లెక్క రాదమ్మా" అన్నాడు.

"రాకపోవడం కాదన్నయ్యా" అని అతని చెయ్యి పట్టుకుంది. "వాడు వచ్చే లెక్క ఇవ్వలేదు."