మొదటి తల్లి బొరియ

గోదావరి రెండు పాయలుగా చీలిన చోట ఒక లంక ఉంది. ఒండ్రు నేల, నిలువెత్తు రెల్లు, నడివేసవిలోనూ ఎండని పచ్చిక. ఆ పచ్చిక కోసం దుప్పులు ఈదుకుంటూ వస్తాయి. దుప్పుల కోసం పులులు లొట్టలేస్తాయి. కింద బొరియలన్నీ కుందేళ్లవి, పైన అధికారం తూర్పు గట్టు ముసలి పులిది. ఆయన ఏడాదికి నాలుగు దుప్పుల్ని తిని, "ఈ లంకలో నక్క కాలు పెట్టకూడదు" అని ఒకే ఒక్క ఆజ్ఞ వేసి, మిగతా కాలం నిద్రపోయేవాడు. కుందేళ్లకు అంతకు మించిన రాజ్యం అక్కర్లేదు.

ఆ ముసలి పులి పోయాడు. రెండో భార్యకు పుట్టిన కొడుకు, ఇంకా కోరలైనా రాని కూన, గద్దెనెక్కాడు. మొదటి భార్య కూతురు నాగాంబ అప్పటికే పడమటి గట్టును ఏలే చారలరాయుడికి ఇల్లాలు.

కర్మలు ముగిసిన మర్నాడే చారలరాయుడి మంత్రి తిమ్మన్న నక్క పాయ అవతలి ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు. ఇవతల ఒడ్డున మాచమ్మ గడ్డి మేస్తోంది. కుందేళ్లలో ఏ తగువొచ్చినా పాత కట్టుబాటు చెప్పేది ఆ ముసలమ్మే. కట్టుబాట్ల గురించి ఎవరైనా అడిగితే చాలు, ఆమెకు నోట్లో గడ్డి కూడా గుర్తుండదు.

"మాచమ్మత్తా, బాగున్నావా? భయపడకు, నీళ్లకు ఇవతలే ఉన్నాను. మా నక్కల్లో తండ్రి పోతే చాలు, పంపకాల దగ్గర పీక్కోవడమే. మీ లంకలో ఏనాడూ గొడవ వినపడదేం?"

"మీకు కట్టుబాటంటూ ఏడిస్తే కదా!" మాచమ్మ చెవులు నిక్కాయి. "మాకు ఏటా వరద. బొరియ నిలబెట్టడమంటే మాటలా? మొదటి తల్లి పిల్లలు అమ్మానాన్నలతో కలిసి తవ్వుతారు. ఆ తల్లి పోయి తండ్రి ఇంకొకతెను తెచ్చుకుంటే, పాత బొరియ మొదటి తల్లి పిల్లలదే. రెండో తల్లి పిల్లలు కొత్తది తవ్వుకోవాలి."

"మొదటి తల్లికి ఆడపిల్లే ఉంటే?"

"అయితే ఏం? ఆడపిల్లవి గోళ్లు కావా?"

"ఎంత ధర్మం అత్తా!" అని తిమ్మన్న నేలకు తల ఆనించి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఆ దణ్ణం చూసి మాచమ్మ రెండు రోజులు మురిసిపోయింది.

మూడో రోజు తిమ్మన్న గొంతు లంకంతా వినపడింది. "లంక కట్టుబాటు ప్రకారం లంక మొదటి తల్లి బిడ్డది! అంటే నాగాంబ దేవిది! అంటే ఆమె భర్త చారలరాయుడు గారిది! లంక పెత్తనం నాకు!" అప్పటికే అతని వెనక పదిహేను నక్కలు ఉత్తరపు ఇసుక దిబ్బ మీద చేరి మూతులు నాక్కుంటున్నాయి.

కుందేళ్లు మాచమ్మ మీద పడ్డాయి.

"నీ నోరే కొంప ముంచింది కదే!" అన్నాడు ఆమె మేనల్లుడు లింగాలు. "పోయి పోయి నక్కకు ధర్మం చెబుతావా?"

"చెప్పానురా, ఏం చేయను. బుద్ధి గడ్డి తింది."

"కర్ర ఉన్నవాడిదే బర్రె. నువ్వు చెప్పకపోయినా వాడు తీసుకునేవాడేలే," అంది వదిన వరస కుందేలు ఒకతె, జాలిపడి.

మాచమ్మ ముక్కు కదపడం ఆపింది. "మరి కర్ర ఉన్నవాడు కట్టుబాటు కోసం నక్కను ఎందుకు పంపాడు? ఊరికే రావచ్చుగా? ఎవరికో జవాబు చెప్పుకోవలసి ఉందన్నమాట."

ఆ ఎవరో ఎవరన్నది లింగాలు చెప్పాడు. కొండ మీద ఎలుగుబంటి, మెరకలో అడవిదున్న, చిత్తడిలో అడవిపంది. ముగ్గురికీ చారలరాయుడితో సరిహద్దు ఉంది. ఇవాళ లంక, రేపు మన గడప అన్న బెంగ ముగ్గురికీ ఉంది.

మాచమ్మ చారలరాయుడికి కబురు పంపింది: "కట్టుబాటు మాదే కాబట్టి కాదనలేం. కానీ ముగ్గురు ఇరుగుపొరుగు పెద్దల ముందు ఒప్పుకుంటేనే అది చెల్లుతుంది."

"లొంగారు దొరా," అన్నాడు తిమ్మన్న. చారలరాయుడికీ అదే కావాలి. పెద్దల నోట అవుననిపించుకుంటే ఇక అడిగేవాడుండడు.

మర్నాడు పొద్దెక్కేసరికి అందరూ ఉత్తరపు దిబ్బ మీదకు చేరారు. చారలరాయుడు ఒళ్లంతా నాక్కుని నిగనిగలాడుతూ వచ్చాడు. మాచమ్మ అతని పంజాకు పదడుగుల దూరంలో కూర్చుంది. కాళ్లు పొట్ట కింద ముడుచుకుంది.

"దొరా, మా కట్టుబాటుకు తమరు తలవంచుతున్నట్టు మూడుసార్లు చెప్పాలి."

"ఈ కట్టుబాటు ధర్మమైనది. కుందేలుకైనా పులికైనా ఒకటే. నేను తలవంచుతున్నాను." ఒక్కోసారికీ గొంతు పెంచి మూడుసార్లూ చెప్పాడు. మూడోసారికి రెల్లులో పిట్టలు లేచిపోయాయి.

"చల్లగా ఉండండి. ఇక ఆనవాయితీ ప్రశ్న ఒకటి. ఈ కట్టుబాటు పట్టుకుని వచ్చిన వాళ్లు ముందు తమ సంగతి చెప్పుకోవాలి. నాగాంబమ్మ మొదటి తల్లి బిడ్డ, అందరికీ తెలుసు. ఆమె తరఫున అడిగేది తమరు. తమరు మొదటి తల్లి బిడ్డా, రెండో తల్లి బిడ్డా?"

చారలరాయుడి తోక ఆగిపోయింది.

ఎలుగుబంటి వీపు గోక్కుంటూ అంది, "రెండో తల్లే. మొదటావిడ కూతురు మా కొండ గుహలోనే ఉంటోంది. పడమటి గట్టు నుంచి తరిమిన రోజున ఒక చెవి తెగింది, పాపం."

"ఎవరు తరిమారు?" అంది అడవిదున్న.

"నన్నడుగుతావేం? ఎదురుగా కూర్చున్నాడుగా."

"అయితే పడమటి గట్టు ఆమెదే," అంది అడవిపంది హుషారుగా. "కబురు నేను చెప్పి రానా? ముగ్గురం వెంట నిలబడి గద్దెనెక్కిద్దాం."

చారలరాయుడు గర్జించాడు. "కుందేళ్ల కట్టుబాటు పులులకు చెల్లదు!"

"చిత్తం దొరా," అంది మాచమ్మ. "చెల్లకపోతే నాగాంబమ్మకూ చెల్లదు. ఆవిడా పులే కదా."

దొంగకు తేలు కుట్టినట్టయింది. చెల్లుతుందంటే సొంత గట్టు పోతుంది, చెల్లదంటే లంక పోతుంది. మాచమ్మను ఒక్క దెబ్బతో చంపవచ్చు, కానీ దున్న అప్పటికే కొమ్ములు దించి నిలబడింది. చారలరాయుడు తిమ్మన్న వైపు చూశాడు. తిమ్మన్న నది వైపు చూశాడు.

"బావమరిది పసివాడు," అన్నాడు చివరికి చారలరాయుడు. "చుట్టరికం చూసి వదిలేస్తున్నాను."

వెళ్తూ వెళ్తూ ఉత్తరపు దిబ్బను మాత్రం వదల్లేదు. అక్కడ బొరియలున్న కుందేళ్లు పిల్లాజెల్లాతో లంక లోపలికి తరలిపోయాయి. పెద్దలు ముగ్గురూ దాని ఊసెత్తలేదు. వాళ్లకు కావలసింది పులి ఆగడం. ఆగాడు. గుహలోని అక్క సంగతి కూడా ఆ రోజు నుంచి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు. తిమ్మన్న మాత్రం దొర పంజా దెబ్బకు వర్షాకాలం దాకా మూడు కాళ్ల మీదే నడిచాడు.

ఒక సాయంత్రం లింగాలు అడిగాడు, "అత్తా, మేత పంపకం కట్టుబాటు ఏమిటో చెప్పవూ?"

"చెబుతాను. ముందు అవతలి ఒడ్డున ఎవరైనా కూర్చున్నారేమో చూసి రా."

పరాయి ఇంటి కొలబద్ద అరువు తెచ్చుకునేవాడు ముందు దాంతో తన ఇల్లు కొలుచుకోవాలి.