మబ్బుగుండు మీద గట్టెమ్మ

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఏ మూల నిలబడి తల ఎత్తినా ఒక నున్నటి పెద్ద బండ కనిపించేది. దాని నెత్తి ఎప్పుడు చూసినా మబ్బుల్ని తాకుతున్నట్టు ఉండేది. అందుకని అందరూ దాన్ని మబ్బుగుండు అనేవాళ్లు. దాన్ని చూడటానికి ఎక్కడెక్కడి జంతువులో పనిగట్టుకుని వచ్చేవి. ఎక్కి దిగినవాళ్లు ఇంటికెళ్లి ఊరుకుంటారా? "పైనుంచి చూస్తే ఏనుగు చీమంత ఉందమ్మా!" అని ఏడాది పొడుగునా చెప్పిందే చెప్పేవాళ్లు.

ఆ గుండు ఎక్కడానికి ఒక పద్ధతి ఉంది పిల్లలూ. ముందు ఒక ఉడుము ఎక్కాలి. తీగలతో పేనిన మోకు నడుముకి కట్టుకుని పైకి పాకాలి. పాకి, బండను కరుచుకుని పడుకోవాలి. ఉడుము పట్టు పట్టిందంటే ఇంక కదలదు కదా! మిగిలినవాళ్లు ఆ మోకు పట్టుకుని ఒక్కొక్కరే ఎక్కుతారు. ఎక్కలేని పెద్దవాళ్లని బుట్టలో కూర్చోబెట్టి లాగుతారు. ఈ పని కోసమే గుండు కింద ఓబులవ్వ అనే ముసలి ఉడుము కాచుకుని ఉండేది.

ఇక అడవికి అవతలి వైపు, వాగు ఒడ్డున, గట్టెమ్మ అనే పడుచు ఉడుము ఉండేది. పేరుకి తగ్గట్టు దాని పట్టు గట్టిదే. కానీ గట్టెమ్మకి ఒక రహస్యం ఉంది. దానికి ఎత్తంటే భయం. చిన్న పుట్ట ఎక్కినా కళ్లు తిరిగేవి, అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. "పైకి రావే, ఎండ కాచుకుందాం" అని తోటి ఉడుములు పిలిస్తే, "నాకు నీడే ఇష్టం" అనేది. ఉడుము పుట్టుక పుట్టి ఎత్తంటే భయమని చెబితే నవ్వరూ? గట్టెమ్మకి ఆ ఎత్తు కన్నా ఆ నవ్వంటే ఎక్కువ భయం.

ఒకరోజు పక్కింటి తాబేలు నింపాదమ్మ పెద్దమ్మ అందరినీ పిలిచింది.

"నేను పుట్టింది తామర మడుగులో. చిన్నప్పుడు వరదలో కొట్టుకొచ్చి ఇక్కడ పడ్డాను. మళ్లీ అంత దూరం నడవడం నావల్ల కాదు. మబ్బుగుండు మీంచి చూస్తే మడుగు కనిపిస్తుందట. ఒక్కసారి చూపిస్తారా?" అంది.

"చూపిస్తాం పెద్దమ్మా!" అని కుందేలు చెంగి ఎగిరి గంతేసింది.

"నా ముళ్లకి కాస్త దూరంగా కూర్చుంటామంటే నేనూ వస్తా" అన్నాడు ముళ్లపంది సూదయ్య బావ. ఆయనకి ఎవరినో ఒకరిని ఆట పట్టించకపోతే పొద్దు పోదు.

అందరూ గట్టెమ్మవైపే చూశారు. పెద్దమ్మ కూడా చూసింది. ఆ చూపుకి కాదనలేక, "వస్తాను" అంది. కింద కూర్చుని బుట్ట కట్టిపెడితే చాలులే, పైకి ఎక్కక్కర్లేదు అని లోపల అనుకుంది.

నలుగురూ నడుచుకుంటూ మబ్బుగుండు దగ్గరికి చేరారు. ఓబులవ్వ మోకు భుజాన వేసుకుని ఎదురొచ్చింది.

"రండి రండి! నేను ముందు ఎక్కుతా, మీరు వెనక రండి" అంది.

"నువ్వెందుకు అవ్వా శ్రమ పడటం? మాకు మా ఉడుమే ఉంది" అన్నాడు సూదయ్య. "మా గట్టెమ్మ ఉండగా పొరుగు ఉడుమెందుకు? నలుగురూ వింటే మా వాగుకే నామర్దా!"

గట్టెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఓబులవ్వ దానివైపు తేరిపార చూసింది.

"ఏమ్మా, నీకు ఎత్తు అలవాటేనా?"

చూడండి పిల్లలూ, 'లేదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. కానీ చెంగి మురిసిపోతూ చూస్తోంది. సూదయ్య బావ ముళ్లు విప్పి గొప్పగా నిలబడ్డాడు.

"అలవాటే" అంది గట్టెమ్మ.

ఓబులవ్వ మోకు గట్టెమ్మ నడుముకి కట్టి, "ముందు సగంలో ఒక చిన్న తిన్నె వస్తుంది. అక్కడ ఆగి వీళ్లని రానివ్వు. తర్వాత పైకి పో" అని చెప్పింది.

గట్టెమ్మ కళ్లు బండకి ఆనించి పాకింది. కిందకి చూడలేదు. చూడకపోతే ఎత్తు ఉండదు అనుకుంది. అలాగే తిన్నె దాకా చేరింది. బండను కరుచుకుని పడుకుంది. మోకు పట్టుకుని చెంగి వచ్చింది. ఒగర్చుకుంటూ సూదయ్య వచ్చాడు. ఇద్దరూ కలిసి పెద్దమ్మ కూర్చున్న బుట్టని లాగారు.

"అబ్బ! కింద చెట్లు చూడవే గట్టెమ్మా, గడ్డి పరకల్లా ఉన్నాయి!" అంది చెంగి.

ఆ మాటకి గట్టెమ్మ పొరపాటున కిందకి చూసింది.

అంతే. అడవంతా గిర్రున తిరిగింది. దాని గోళ్లు వాటంతట అవే బండలోకి దిగబడ్డాయి. ఇంక ముందుకి పోదామన్నా ఒక్క కాలు కూడా లేవడంలేదు.

"ఇక పైకి పద" అన్నాడు సూదయ్య.

"కాస్త ఆయాసం తీర్చుకోనీ బావా" అంది గట్టెమ్మ.

కాసేపయ్యింది.

"పెద్దమ్మ ఎదురు చూస్తోందే, పద" అంది చెంగి.

"గాలి విసురుగా ఉంది. తగ్గనీ."

మరికాసేపయ్యింది. పడమటి వైపు నల్లటి మబ్బు ఒకటి లేచింది.

"ఏమే, పోదామా దిగుదామా? ఏదో ఒకటి చెప్పు!" అన్నాడు సూదయ్య.

"ఇదిగో, ఇప్పుడే... పైన జారుడుగా ఉందేమో చూస్తున్నా" అంది గట్టెమ్మ. చూడటం ఎక్కడ? కళ్లు గట్టిగా మూసుకునే ఉంది. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకోటి, దానికి ఆసరాగా మరోటి. వాటి బరువు మోకు బరువు కన్నా ఎక్కువైపోయింది.

టప్‌మని ఒక చినుకు పడింది. తర్వాత జల్లు మొదలైంది. నున్నటి బండ సబ్బులా జారసాగింది. తిన్నె మీదున్న బుట్ట మెల్లగా అంచుకి జరిగింది. చెంగి కెవ్వుమని అరిచి బుట్ట పట్టుకుంది. దాని కాళ్లూ జారాయి. సూదయ్య అడ్డం పడుకుని ఇద్దరినీ ఆపాడు.

అప్పుడు గట్టెమ్మ నోరు విప్పింది.

"నాకు భయం! నాకు ఎత్తంటే భయం! పుట్టినప్పటి నుంచీ భయమే. పైకి పోలేను, కిందకి దిగలేను. మీతో అబద్ధం చెప్పాను."

ఎవరూ నవ్వలేదు.

"ఓసి పిచ్చిదానా" అన్నాడు సూదయ్య, ముఖం మీద నీళ్లు కారుతుండగా. "ఈ మాట ఇందాకే చెబితే ఎండ ఉండగానే దిగేవాళ్లం కదే! నీ భయం నాకు బరువా? ఈ వాన బరువు గానీ!"

నింపాదమ్మ బుట్టలోంచి తల బయటపెట్టింది. "తిట్లు కింద తిడుదువు గానిలే నాయనా. అమ్మాయ్, నీ పట్టు సడలుతోందా?"

"లేదు పెద్దమ్మా. వదలమన్నా వదలదు."

"అయితే ఇంకేం? నువ్వు అలాగే పట్టుకుని ఉండు. మేం దిగుతాం."

ముందు చెంగి మోకు పట్టుకుని దిగి ఓబులవ్వని పిలవడానికి పరుగెత్తింది. సూదయ్య పెద్దమ్మ బుట్టని మెల్లమెల్లగా కిందకి వదిలాడు. తర్వాత తనూ దిగాడు. గట్టెమ్మ ఒక్కతే మిగిలింది. వానలో, బండ మీద, కళ్లు మూసుకుని.

ఇంతలో చెవి పక్కనే గోళ్ల చప్పుడైంది. ఓబులవ్వ వచ్చి పక్కన పడుకుంది.

"తిడతావా అవ్వా?"

"తీరిక లేదమ్మా, తడిసిపోతున్నా. నీ ముక్కు ముందున్న బండ ఒక్కటే చూడు. కుడి వెనక కాలు కిందకి. ఆఁ, అంతే. ఇప్పుడు ఎడమది. ఆగు, ఊపిరి తీసుకో. మళ్లీ కుడిది."

ఒక్కో కాలు. ఒక్కో గోరు. అలా గట్టెమ్మ నేల మీదికి వచ్చింది. తడి మన్ను వాసన తగలగానే అక్కడే బోర్లా పడుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సూదయ్య దూరంగా కూర్చుని ముళ్లు దులుపుకున్నాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే గట్టెమ్మకి తిట్టినట్టుగా ఉంది.

పెద్దమ్మ గుండు వైపు ఒకసారి చూసి, "పోనీలే, ఇంత దూరమైనా వచ్చాం. రేపు ఇంటికి పోదాం" అంది.

ఆ 'పోనీలే' గట్టెమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

తెల్లవారింది. ఎండ కాసి బండ పొడిగా మెరిసింది. గట్టెమ్మ లేచి అందరి మధ్యా నిలబడింది.

"అవ్వా, ఈసారి మోకు నువ్వు కట్టుకో. నేను పెద్దమ్మ బుట్ట పక్కన వస్తాను. నాకు భయంగానే ఉంది. నేను ఆగిపోతే ఎవరైనా నా కాళ్లకి దారి చెప్పండి" అంది.

"నేను చెబుతా!" అంది చెంగి.

"నేనూ చెబుతా. కానీ నాకు కుడేదో ఎడమేదో ఎప్పుడూ తెలిసి చావదు" అన్నాడు సూదయ్య.

గట్టెమ్మకి నవ్వొచ్చింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు.

ఎక్కారు. తిన్నె దగ్గర గట్టెమ్మ ఆగిపోయింది. "ఆగిపోయాను" అని పైకే చెప్పింది. చెంగి దారి చెప్పింది. కాలు కదిలింది. మళ్లీ ఒకచోట ఆగింది. మళ్లీ చెప్పింది. అలా ఆగుతూ, చెబుతూ, మబ్బుగుండు నెత్తి మీదికి చేరారు.

పైన చల్లటి గాలి. నింపాదమ్మ మెడ చాచి చాచి చూసింది. పొట్టి మెడ కదా, అంచు దాకా పోతే గానీ మడుగు కనిపించదు. అంచు దగ్గర ఏటవాలు.

"పట్టుకునేవాళ్లు ఎవరు?" అంది ఓబులవ్వ. మోకు కట్టుకున్నది తను, కదలకూడదు. చెంగి తేలిక. సూదయ్య పట్టుకుంటే ముళ్లు.

"నేను పట్టుకుంటా" అంది గట్టెమ్మ. "కళ్లు మాత్రం మూసుకుంటా."

వెనక కాళ్లు బండలోకి దించి, ముందు కాళ్లతో పెద్దమ్మ డొప్పని బిగించి పట్టుకుంది. దాని ఒళ్లంతా వణుకుతోంది. పట్టు మాత్రం వణకలేదు.

పెద్దమ్మ అంచు మీదికి మెడ చాచి, కళ్లు చికిలించి చూసింది.

"కనిపించిందా పెద్దమ్మా?"

"కనిపించిందే తల్లీ. అద్దం ముక్కలా ఉంది. చుట్టూ ఆకుపచ్చ. మా అమ్మ ఆ ఒడ్డునే ఇసకలో గుడ్లు పెట్టింది. ఇంకా నీళ్లున్నాయి. ఇంకా ఉన్నాయే."

ఆ గొంతు విని గట్టెమ్మ ఒక కన్ను కొంచెం తెరిచింది. ఎక్కడో దూరంగా, చిన్నగా, తళుక్కుమంది. వెంటనే కన్ను మూసేసుకుంది.

"చూశావా?" అంది పెద్దమ్మ.

"చూశాను."

"అంత చిన్న చూపుకేనా ఇంత దూరం ఎక్కావు?" అన్నాడు వెనక నుంచి సూదయ్య.

"నాకు సరిపోయింది బావా" అంది గట్టెమ్మ. "పెద్దమ్మా, నువ్వు తొందరపడకు. కళ్లారా చూడు. నేను పట్టుకునే ఉంటా."

నీతి: భయపడటం తప్పు కాదు. దాచిన భయం మనల్ని నమ్మినవాళ్లని కూడా ఇరికిస్తుంది. చెప్పుకున్న భయానికి తోడు దొరుకుతుంది.