కుంటలో నల్లకాళ్ల భూతం

పైడమ్మ చేసిన తప్పు ఒక్కటే. తన కుంటలో నీళ్లు ఎలా ఉన్నాయో తాను చూసుకోకుండా నక్కను చూసిపెట్టనిచ్చింది.

పైడమ్మ ఒక బాతు. జీడిమామిడి తోట చివర ఉన్న చిన్న కుంటలో దాని కాపురం. కొత్తగా గుడ్డులోంచి బయటపడ్డ పిల్లలు పగలంతా ఆ నీళ్ల మీదే ఈదులాడేవి. ఆ వేసవిలో కుంటకు పచ్చగా నాచు పట్టింది. ఆ నీళ్లు తాగితే పిల్లలకు ఏమవుతుందోనని తల్లికి బెంగ పట్టుకుంది.

తోటలో ఒక మైక్రోస్కోపు ఉంది. పురుగుల ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన కాలేజీ పిల్లలు దాన్ని చెట్టు మొదట్లో మరిచిపోయి వెళ్లిపోయారు. వాళ్లు ఉన్నన్నాళ్లూ కొమ్మ మీద ఆకురంగులో కూర్చుని అంతా నేర్చేసుకున్న ఊసరవెల్లి వరాలు ఇప్పుడు దాని యజమానురాలు. ఈగ రెక్క, చీమ మీసం, ఏది దొరికినా ముందు గొట్టంలో చూసి, ముచ్చటపడి, ఆ తర్వాత తినేది.

పైడమ్మ నీటిచుక్క పట్టుకొచ్చిన రోజున వరాలు పాత చర్మం వదుల్చుకుంటూ పొదలో ఉంది. పైడమ్మే చుక్కను గాజుపలక మీద వేసి గొట్టంలోకి చూడబోయింది. ముక్కు టక్కున గొట్టానికి తగిలింది. మళ్లీ వంగింది. మళ్లీ తగిలింది.

"ఆ ముక్కుతో నీవల్ల కాదు చెల్లీ, జరుగు. నేను చూసిపెడతాను," అన్నాడు అటుగా వచ్చిన నక్క చలమయ్య.

"నీకు ఇందులో చూడటం వచ్చా అన్నయ్యా?"

"కళ్లున్నవాడికి చూడటం రాకపోవడమేమిటి?"

చలమయ్య అన్నిటికంటే పెద్ద లెన్సు తిప్పుకుని, కన్ను గొట్టానికి నొక్కిపెట్టాడు. మరుక్షణం వెనక్కి గెంతాడు. తోక రెండింతలు ఉబ్బింది.

"ఏముంది అన్నయ్యా?"

"భూతం! నల్లటి కాళ్లు. పొడుగ్గా, వంకరగా, వరసగా ఉన్నాయి. నేను చూస్తుంటే ఆడించింది కూడాను."

చలమయ్య భయపడిన మాట నిజమే. కాని పైడమ్మ గబగబా పిల్లలను రెక్కల కిందకి లాక్కోవడం చూశాక, భయం పోయి ఆకలి గుర్తొచ్చింది.

"ఈ నీళ్లలో పిల్లల్ని దించకు చెల్లీ. మా బొరియ వెనకాల వాగు ఉంది. అద్దంలాంటి నీళ్లు. రేపు పొద్దున్నే తీసుకొచ్చెయ్. దగ్గరుండి నేనే చూసుకుంటాను," అని పెదవులు తుడుచుకుని వెళ్లాడు.

పైడమ్మ ఏడుస్తూ వెళ్లి, కుంటలో నీళ్లు తాగుతున్న ఎద్దు సింహాచలానికి సంగతి చెప్పింది. ఎద్దు మూతి ఎత్తాడు.

"పొద్దున్నుంచీ తాగుతూనే ఉన్నాను. ఇప్పుడా చెప్పేది?"

"కడుపులో ఏమైనా కదులుతోందా మావయ్యా?"

"గడ్డి కదులుతోంది. అది రోజూ కదిలేదే."

ఇంకా ఎండ ఉండగానే వరాలు కొత్త చర్మంతో నిగనిగలాడుతూ దిగింది. అంతా విని, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"పలక జరిపి చూశారా?"

"జరపడం దేనికి వదినా?"

"పలక మీదున్నది పలకతోపాటు జరగాలి కదమ్మా. జరగలేదంటే అది నీళ్లలో లేనట్టే."

"అయితే నువ్వోసారి చూసి చెప్పు."

"చెప్పను. పొద్దున నక్క మాట నమ్మావు, ఇప్పుడు నా మాట నమ్ముతావు. నీ కళ్లు ఏం చేస్తున్నాయి?"

"ముక్కు అడ్డమొస్తోంది."

"నీ కళ్లు ముందున్నాయా, పక్కలకున్నాయా? తల పక్కకి తిప్పు. ముందు చిన్న లెన్సు పెట్టు. గొట్టం దించేటప్పుడు బయటినుంచి చూస్తూ దించు, పలకకు తగిలితే పగులుతుంది. కన్ను పెట్టాక మాత్రం మెల్లగా పైకి లేపుకుంటూ రా. రెండో కన్ను మూయకు, అలిసిపోతావు."

"ఒక కన్ను ఇటు, ఒక కన్ను అటు చూస్తే తికమక కాదూ?"

ఒక కన్నుతో బాతును, ఇంకో కన్నుతో పైకొమ్మ మీది ఈగను చూస్తున్న వరాలు, "నన్నా అడుగుతున్నావు?" అంది.

పైడమ్మ మెడ పక్కకి వాల్చి, ముక్కును గాలిలోకి వదిలి, ఎడమకన్ను ఆనించింది. మొదట పొగమంచు. గొట్టం పైకి లేస్తుంటే మంచు విడిపోయింది. పచ్చగాజుల దండల్లాంటి నాచుపోగులు. వాటి మధ్య చెప్పు ఆకారంలో ఒకటి దొర్లుకుంటూ పోయింది. కూజాలాంటిది ఇంకొకటి, మూతి చుట్టూ వెంట్రుకలు గిరగిరా తిప్పుతూ నీళ్లను లోపలికి లాక్కుంటోంది.

"వదినా, ఇక్కడ పెద్ద తిరనాళ్లే జరుగుతోంది," అంటూ పైడమ్మ కాళ్లు టపటపలాడించింది.

పలక జరిపింది. తిరనాళ్లంతా కలిసి జరిగింది. పొద్దు వాలేదాకా వెతికినా నల్లకాళ్లు మాత్రం కనబడలేదు, భయపెట్టేది ఇంకేదీ కనబడలేదు.

"నాకు కనబడలేదంటే, నీకు చూడటం రాదంటాడు," అని పైడమ్మ కాసేపు ఆలోచించింది. తర్వాత దానికే నవ్వొచ్చింది. వరాలు దగ్గరికి వెళ్లి రహస్యంగా ఏదో చెప్పింది.

తెల్లవారాక చలమయ్య వచ్చేసరికి చెట్టుకింద తోటవాళ్లంతా ఉన్నారు.

"వాగుకి బయల్దేరుతున్నాం అన్నయ్యా. పోయేముందు ఆ భూతాన్ని మావయ్యకి కూడా వర్ణించి చెప్పు," అంది పైడమ్మ వినయంగా.

గాజుపలక పెట్టింది. చుక్క నీరు లేని పొడి పలక. చలమయ్య అది చూడలేదు. కన్ను నొక్కిపెట్టాడు.

"అదిగో. నిన్నటికంటే బలిసింది."

"పలక జరుపుతున్నాను. జరిగిందా?"

"ఊహూ. మొండిది. కదలదు."

పైడమ్మ సైగ చేసింది. సింహాచలం నాలుక చాపి పలకను ఎత్తి పక్కన పెట్టేశాడు.

"ఇప్పుడు చూడు అన్నయ్యా. ఉందా?"

"ఉండకేం, నన్నే చూస్తోంది. కాళ్లన్నీ నావైపే చాపింది."

ముందు ఉడుత నవ్వింది. తర్వాత తోటంతా నవ్వింది. చలమయ్య తల ఎత్తేసరికి గొట్టం కింద ఖాళీ.

"పలకే లేదు, నీళ్లూ లేవు. భూతం ఎక్కడుంది చలమయ్యా?" అన్నాడు ఎద్దు.

"మళ్లీ కన్ను పెట్టి ఓసారి రెప్ప ఆర్పు," అంది వరాలు.

ఆర్పాడు. కాళ్లు ఆడాయి. మళ్లీ ఆర్పాడు. మళ్లీ ఆడాయి.

"అవి నీ రెప్పల వెంట్రుకలు అన్నయ్యా. నాకు లేవు కాబట్టి నాకు కనబడలేదు," అంది పైడమ్మ. "మరి వాగు సంగతేమిటి? దగ్గరుండి చూసుకుంటానన్నావు."

చలమయ్యకు పని గుర్తొచ్చింది. పొలంగట్టు దాటేదాకా వెనక్కి చూడలేదు. ఆ పూట పిల్లలు కుంటంతా చిమ్ముతూ ఈదాయి. సింహాచలం ఒళ్లు కూడా తడిసింది.

పైడమ్మ ఆ రోజే ఒక నిర్ణయం తీసుకుంది. కుంట గురించి చెప్పేది ఎవరైనా సరే, "మంచిది" అని తలూపి, చుక్క తీసుకెళ్లి, మెడ పక్కకి వాల్చి తానే చూస్తుంది. ఓ వానాకాలం సింహాచలం "నీళ్లు తియ్యగా ఉన్నాయే" అని మెచ్చుకున్నా, చూసొచ్చాకే ఒప్పుకుంది. వరాలు చెప్పినా అంతే. తన పిల్లలకు నేర్పిన నీతీ అదే: మన నీళ్లను మన కంటితోనే చూడాలి, చూశాక పలకను ఒకసారి జరపాలి.