తొట్టిలో చేపలు

గదిలో అడిగిన ప్రశ్నకి పరాంకుశం మాస్టారు గదిలో జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు వేసుకునేవారు. జీవితమంతా కంపెనీలని ఆడిట్ చేసిన మనిషి. రిటైరయ్యాక ఆదివారాల్లో మాలాంటి ఉద్యోగస్తులని ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు.

ఆ ఆదివారం అడిగింది వినీల. మాలో చిన్నది. స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలు ఇకమీదట లాభనష్టాలు చెప్పి ఊరుకుంటే చాలదని కొత్త నిబంధనలు వచ్చాయి. ఎలాంటి నీళ్లు బయటికి వదులుతున్నారో, చుట్టుపక్కల మనుషులు ఎలా బతుకుతున్నారో కూడా చెప్పాలి. చెప్పినదాన్ని బయటివాళ్లు సరిచూడాలి. అలా సరిచూసే సంస్థలో వినీల కొత్తగా చేరింది. ఊరవతలున్న ఒక రసాయనాల కంపెనీ ఎంతవరకు సిద్ధంగా ఉందో మర్నాడు తను వెళ్లి చూసి రాసివ్వాలి.

"కాగితాలన్నీ బాగున్నాయి మాస్టారూ. నిజంగా సిద్ధంగా ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?" అంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు. వినీలతో పాటు నేనూ కారెక్కాను.

అక్కడి మేనేజరు ఫణిభూషణ్ ఒకప్పుడు మాస్టారి దగ్గరే చదువుకున్నాడు. ఎదురొచ్చి కాళ్లకి దండం పెట్టాడు. రేపటి కోసం గోడలకి వేసిన రంగు ఇంకా వాసనొస్తోంది. నేరుగా మమ్మల్ని నీళ్లు శుభ్రంచేసే చోటికి తీసుకెళ్లాడు. అక్కడ నున్నటి పలకల తొట్టి ఒకటి ఉంది. అందులో చేపలు.

"మా నీళ్లు ఎంత మంచివో మేం చెప్పడం ఎందుకు మాస్టారూ, అవే చెప్తాయి," అని నవ్వాడు. "మనిషికి లేని మర్యాద వీటికి. వేళకి తిండి, పైన నీడ."

తొట్టి పక్కన ఒకాయన సత్తుబిందెలోంచి చేపల్ని ఒక్కొక్కటే వదులుతున్నాడు.

"మా దానయ్య గారు," అన్నాడు ఫణిభూషణ్, ఆయన భుజం మీద చెయ్యేసి. "గెడ్డలో, అదే ఈ పక్క వాగులో, చేపల వేట పోయిందని ఊళ్లో గొడవ చేస్తుంటే మేమే పిలిచి పనిచ్చాం. వారం వారం చేపలు తెస్తారు. రిపోర్టులో ఫొటో కూడా వేస్తున్నాం. నీళ్ల సంగతి అడిగితే ఈ తొట్టి, స్థానికుల జీవనోపాధి అడిగితే ఈయన. రెండు ప్రశ్నలకీ ఇక్కడే జవాబు."

"వారం వారం ఎందుకు?"

"పెద్దవైపోతాయి కదా మాస్టారూ. మార్చాలి."

వినీల తల వంచి తొట్టి వెనక్కి చూసింది. తొట్టి వెనక మొక్కల చాటునుంచి ఒక రబ్బరు గొట్టం వచ్చి తొట్టిలో పడుతోంది. తోటకి పెట్టే కుళాయి నీళ్లు. ఫ్యాక్టరీ నీళ్లు తొట్టిని తాకకుండా, పక్కనున్న కాలవలోంచి గోడ కింద దూరి గెడ్డలోకి పోతున్నాయి.

మాస్టారు దానయ్య పక్కన గొంతుక్కూర్చున్నారు. "నీళ్లెలా ఉన్నాయి దానయ్యా?"

"బంగారంలాగున్నాయి బాబూ. సూడండి, సేపలెలా తిరుగుతున్నాయో." చెప్పించిన మాటే, తడబడకుండా చెప్పాడు.

"ఎక్కడ పడతావు వీటిని?"

"కొండ అవతల, పెద్ద సెరువులో."

"మీ ఇంటి పక్కనే గెడ్డ ఉందటగా?"

దానయ్య మేనేజరు వంక చూశాడు. "అది దూరం బాబూ," అన్నాడు. తర్వాత బిందె మీదకి వంగి, మాస్టారికి మాత్రమే వినపడేలా, "ఈ పనే నేకపోతే ఇంట్లో పొయ్యి ఎలగదు బాబూ," అన్నాడు. నాకూ వినపడింది.

మాస్టారికి అక్కడితో లేచి రావడం తెలియక కాదు. వినీల మొహం చూశారు. కాలవ చూపించి, "నీళ్లు బంగారంలా ఉంటే ఒక చేపని ఇందులో వదులు," అన్నారు.

"వదులు దానయ్యా, దానికేం!" అన్నాడు ఫణిభూషణ్. నవ్వు మొహం మీదే ఉంది.

దానయ్య బిందెలో చెయ్యి పెట్టి ఒక బొచ్చెపిల్లని తీశాడు. కాలవ మీదకి వంగాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిడికిట్లో చేప కొట్టుకుంటోంది.

"ఏరా, చెప్పింది వినపళ్లేదా?" అన్నాడు ఫణిభూషణ్.

"ఇది బతికుంది బాబూ," అన్నాడు దానయ్య.

అన్న తర్వాత తనే ఉలిక్కిపడ్డాడు. చేపని మళ్లీ బిందెలోనే వేశాడు.

ఫణిభూషణ్ మాకు టీ ఇప్పించాడు. వాళ్ల అమ్మాయి చదువు గురించి చెప్పాడు. మాస్టారి మోకాళ్ల నొప్పికి ఒక డాక్టరు పేరు కూడా చెప్పాడు. మళ్లీ దండం పెట్టి సాగనంపాడు.

గేటు దగ్గర దానయ్య బిందెతో నిలబడి ఉన్నాడు. కాపలావాడు చెయ్యి చాపి, "గేటు పాసిచ్చెయ్ మావా. పైనించి ఫోనొచ్చింది. నన్నేటి సెయ్యమంటావు?" అంటున్నాడు.

మాస్టారు కారాపించి దానయ్యని ముందు సీట్లో ఎక్కించుకున్నారు. అక్కడ కాళ్ల దగ్గర జాగా లేక బిందె నా ఒళ్లో పెట్టుకున్నాను. తడిగుడ్డ కట్టిన మూతి కింద చేపలు కదులుతుంటే ఆ కదలిక పొట్టకి తగులుతోంది. ఇద్దరు పిల్లల్ని మోసినదాన్ని. చేతులు తీయలేకపోయాను.

గెడ్డ మీది వంతెన దగ్గర దిగుతానన్నాడు దానయ్య. వాళ్ల ఇల్లు అక్కడికి పిలుపు దూరం. ఇంటి ముందు గుంజకి వేలాడుతున్న వల ఎండకి రంగు పోయి ఉంది. బిందె అందుకుని, గుడ్డ కొంచెం తొలగించి, ఒకసారి గెడ్డలోకి చూశాడు. మళ్లీ గుడ్డ కప్పేశాడు.

"ఈ చేపల్ని ఏం చేస్తావు?" అంది వినీల.

"ఇయ్యాల కూర తల్లీ," అన్నాడు. రేపటి సంగతి వినీల అడగలేదు.

కారు కదిలాక, "మనం వెళ్లకపోతే ఆయన పని ఉండేది," అంది.

"ఉండేది," అన్నారు మాస్టారు.

నాకు మాస్టారి మీద కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

వినీల కళ్లు తుడుచుకుంది. "అయితే సిద్ధంగా లేరనే రాస్తాను మాస్టారూ."

మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"మనం టీ తాగి గేటు దాకా వచ్చేలోపల దానయ్యని పంపేసి అంతా సర్దేశారమ్మా," అన్నారు. "ఇంతకంటే సిద్ధంగా ఎవరుంటారు?"