వెనుకంజ వేసిన రాజకుమారుడు

అనగనగా ఒక రాజు. ఊఁ కొడుతూ వినండర్రా, మీ ఊఁ ఆగిందంటే నా కథ కూడా అక్కడే ఆగిపోతుంది. ఆ రాజు పేరు మేరుసింహుడు. ఆయన ఏలే రాజ్యం శిఖరపురి. అబ్బో, ఆ రాజ్యానికి ఎంత గర్వమనుకున్నారు! కోట గుమ్మం మీద 'అడుగు ముందుకే' అని మూరెడేసి అక్షరాలతో చెక్కించుకున్నారు. ఏడు తరాలుగా ఆ సైన్యంలో ఒక్కడంటే ఒక్కడు కాలు వెనక్కి పెట్టలేదు. ఇరుకు సందులో రెండు ఎడ్లబళ్ళు ఎదురుపడ్డాయనుకోండి, వెనక్కి తోలడం నామోషీ అని బండివాళ్ళిద్దరూ మూడేసి రోజులు అలాగే కూర్చునేవారు. పెళ్ళాలు తిట్టుకుంటూ అక్కడికే అన్నం మూటలు మోసుకొచ్చేవారు.

ఆ రాజ్యంలో 'వెనుకంజ' అన్న మాట ఎవరూ పలకకూడదు. పలికారో, నాలుక మీద వాత! ఆస్థాన పండితుడు మరీ భయస్తుడు. తాళపత్రాల నిఘంటువులోంచి ఆ మాట ఉన్న ఆకు పీకేసి పొయ్యిలో పడేశాడు. దాంతో ఆ మాటకి అర్థమేమిటో చెప్పేవాడే లేకుండా పోయాడు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, రెండోవాడు రణశూరుడు. మూడోవాడు మణికేతుడు. మణికేతుడికి అయిదేళ్ళప్పుడు తోటలో పాము పడగెత్తితే, పాపం పసివాడు, రెండడుగులు వెనక్కి వేశాడు. అది రాజుగారి కంట పడింది. తిట్టలేదు, కొట్టలేదు. ఆ రోజంతా కొడుకుతో మాట్లాడలేదు, అంతే. ఆ మౌనం మణికేతుడి గుండెలో ముల్లులా ఉండిపోయింది. నాన్నగారు ఒక్కసారి తనని చూసి 'వీడు నా కొడుకు' అని గర్వపడితే చాలని పెద్దయ్యాక కూడా వాడికి అదే ఆశ.

ఇలా ఉండగా ఒక ఏడు వాన పడలేదు. రెండో ఏడూ పడలేదు. మూడో ఏడు కాకి ఒకటి కబురు మోసుకొచ్చింది. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు శిఖరపురి మబ్బులన్నిటినీ పట్టి, రాగి బిందెలో కుక్కి, మూతికి లక్క పెట్టేశాడట. 'మీలో వీరుడుంటే వచ్చి పట్టుకుపోండి' అన్నాడట.

"నేను వెళ్తాను!" అని రణధీరుడు భటుల్ని వెంటేసుకుని వెళ్ళాడు. మూడు నెలలైనా రాలేదు. "నేను వెళ్తాను!" అని రణశూరుడూ భటుల్ని వెంటేసుకుని వెళ్ళాడు. మూడు నెలలైనా రాలేదు. అప్పుడు మణికేతుడు తండ్రి కాళ్ళకి మొక్కి, "నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు.

రాజుగారు కొడుకుని లేవనెత్తారు. "వెళ్ళు నాయనా. కానీ అక్కడ ఒక్క అడుగు వెనక్కి వేశావని విన్నానా, మళ్ళీ నాకు మొహం చూపించకు" అన్నారు.

మణికేతుడు తలొంచుకుని బయల్దేరాడు. ఊరి పొలిమేర దాటితే అన్నీ నెర్రెలిచ్చిన పొలాలే. ఒక్క మడిలో మాత్రం ఊటబావి పుణ్యమా అని కాసిని నీళ్ళున్నాయి. అందులో సింగారి అనే అమ్మాయి నడుం వంచి వరి నాట్లు వేస్తోంది. చూసేసరికి మణికేతుడి గుండె గుభేలుమంది. ఆ పిల్ల అడుగడుక్కీ వెనక్కి నడుస్తోంది!

"ఏయ్ పిల్లా! ఏమిటా నడక? భటులు చూస్తే ఇంకేమైనా ఉందా?"

సింగారి నడుం ఎత్తి పకపకా నవ్వింది. "ఏం దొరా, ఎప్పుడూ పొలం గట్టు తొక్కలేదా? ముందుకు నడుస్తూ నాటితే నేను పెట్టిన నారు నేనే తొక్కుకోవాలి. మీ కోటలో మీరు తినే ప్రతి ముద్దా ఇలా వెనక్కి నడిచినవాళ్ళ చేతి ముద్దే."

మణికేతుడు తెల్లబోయాడు. "మరి... సిగ్గుగా ఉండదూ?"

"సిగ్గెందుకు? నా మొహం ఎటుందో చూశావా? నారు వైపే. కాలు వెనక్కి పోతోంది, పచ్చదనం ముందుకి పరుచుకుంటోంది. వెన్ను చూపించి పారిపోయేవాడు సిగ్గుపడాలి. మొహం తిప్పకుండా వెనుకంజ వేసేవాడు ఎందుకు సిగ్గుపడతాడు?"

ఆ మాట వినగానే మణికేతుడు చెవులు మూసుకున్నాడు. మళ్ళీ మెల్లగా తీశాడు. పాము ముందు నిలబడిన ఆ అయిదేళ్ళ పిల్లాడు గుర్తొచ్చాడు. ఆ రోజు కూడా వాడు పాము మీంచి చూపు తిప్పలేదు.

"నాకు నేర్పుతావా?" అన్నాడు.

"మూడు వరుసలు నాటి చూపించు, తెలుస్తుంది."

మొదటి వరుసలో వెల్లకిలా పడ్డాడు. సింగారి నవ్వింది. రెండో వరుస వంకర పోయింది. సింగారి మళ్ళీ నవ్వింది. "ముందు బురదలోంచి మడమ లాగు దొరా, తర్వాత వేళ్ళతో వెనక నేల తడుము, ఆ తర్వాతే బరువు వెయ్యి" అంది. మూడో వరుస తిన్నగా వచ్చింది. ఆ వరుస చివర వేళ్ళకి ఏదో తగిలితే చటుక్కున కాలు ఎత్తేశాడు. చూస్తే చిన్న పీత!

"బతికించావు రాకుమారా!" అంది పీత. "ముందుకే చూసే మీ కోట వాళ్ళ కాళ్ళ కింద మా వాళ్ళు ఎంతమంది చచ్చారో! నేనూ నీతో వస్తాను."

మణికేతుడు పీతని నడికట్టులో పెట్టుకుని సముద్రం ఒడ్డుకి చేరాడు. అక్కడ అన్నల పడవలు ముక్కలై పడున్నాయి, ఒక్కొక్కరివి మూడేసి. ఎదురొచ్చే అల మీదికి పడవ తోసి, బద్దలు కొట్టుకుని, మళ్ళీ తోసి, చివరికి ఎలాగో దాటారన్నమాట. మణికేతుడూ పడవ తోశాడు. అల ఒడ్డుకి విసిరేసింది.

"ఆగాగు," అంది పీత, "సముద్రం కూడా వెనక్కి వెళ్తుంది. అలా వెళ్ళే నీటి వీపెక్కు." అల వెనక్కి తగ్గుతుంటే దానితోపాటే పడవ వదిలాడు. అంతే, సర్రుమని జారిపోయింది! ఉప్పు సముద్రం దాటాడు, చెరకు రసం సముద్రం దాటాడు, కల్లు సముద్రం కళ్ళు మూసుకుని దాటాడు, నెయ్యి, పెరుగు, పాలు, మంచినీళ్ళు అన్నీ దాటి కరాళుడి దీవికి చేరాడు.

దీవి అంచున బరువు వేస్తే దిగబడిపోయే బురద, వేళ్ళతో తడుముకుంటూ దాటాడు. దాని తర్వాత గడ్డి మైదానం. మైదానం మధ్య తెల్లటి బూడిదతో గీసిన పెద్ద గుండ్రటి గీత. గీత లోపల రాగి బిందె, దాని పక్కన గుంజకి ఇనప పంజరం, పంజరంలో చిలుక. గీత లోపలే, అంచునే, మూడు వందల రాతి మనుషులు! ముందు వరుసలో రణధీరుడు, పక్కనే రణశూరుడు. కత్తి ఎత్తి, ఒక కాలు గాల్లో ఉండగానే రాళ్ళైపోయారు. ఆ మొహాల్లో ఎంత పౌరుషం!

"ముందుకు రా వీరుడా, ముందుకు రా!" అని చిలుక అరుస్తోంది.

అన్నల్ని చూసేసరికి మణికేతుడికి దుఃఖం పొంగింది. కోపం పొంగింది. కాలు దానంతటదే లేచింది. పీత డొక్కలో కసుక్కున గిల్లింది. "అమ్మా!" అని ఆగాడు.

"బాగా చూడు," అంది పీత. "అందరిదీ ముందుకెత్తిన కాలే. ముందుకు అడుగేసి గీత దాటినవాడు రాయైపోవాలని మంత్రం వేశాడు. మీ రాజ్యం సంగతి తెలిసి మీ కోసమే పన్నిన వల ఇది. ఇంకోటి చూడు. గీత బయట గడ్డి మీద వాడి అడుగుజాడ ఒక్కటీ లేదు. బయట వాడి మంత్రం పారదు."

మణికేతుడు ఆలోచించాడు. "అయితే వాణ్ణే బయటికి రప్పించాలి. నువ్వు అడ్డంగా నడుస్తావుగా, నిన్ను మంత్రం ఏమీ చెయ్యదు. నేను వాణ్ణి చూసుకుంటాను. మాంత్రికుల ప్రాణం చిలుక దగ్గరే ఉంటుందంటారు, నువ్వు చిలుకని చూసుకో" అన్నాడు. పీత గడ్డిలోకి జారింది.

"రారా కరాళా!" అని మణికేతుడు గొంతెత్తి అరిచాడు. కరాళుడు గద భుజాన వేసుకుని వచ్చాడు, తాటిచెట్టంత మనిషి. "ముందుకు రా, మేరుసింహుడి కొడుకా!"

మణికేతుడు వాడి కళ్ళలోకి చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. లోకం ఏమంటుందోనని గుండె దడదడలాడింది. రెండో అడుగు వేశాడు. తండ్రి మాట చెవిలో గింగురుమంది. మూడో అడుగు వేశాడు. ఈసారి సింగారి నవ్వు వినిపించింది, గుండె కుదుటపడింది.

కరాళుడు కడుపు పట్టుకుని నవ్వాడు. "ఓహోహో! శిఖరపురి రాజకుమారుడు వెనుకంజ వేశాడు! ఇంతటి వింత చూడలేదర్రా! నిన్ను పట్టి, మెడకి తాడేసి మీ నాన్నకే చూపిస్తాను!" ఆ సంబరంలో తన గీత తనే దాటేశాడు. మణికేతుడు చూపు తిప్పలేదు, వెన్ను చూపలేదు. గద విసిరితే తప్పుకున్నాడు, మళ్ళీ వెనక్కే నడిచాడు. గడ్డి దాటి బురదలోకి వచ్చాడు. మడమ లాగు, వేళ్ళతో తడుము, బరువు వెయ్యి. మడమ లాగు, వేళ్ళతో తడుము, బరువు వెయ్యి. వెనకే ఉరుకుతూ వచ్చిన కరాళుడు ధబ్బున బురదలో దిగబడ్డాడు. ముందుకు గుంజుకున్నకొద్దీ లోపలికి పోయాడు. మోకాళ్ళు, నడుం, ఛాతీ!

అక్కడ పీత అడ్డంగా గీత దాటి, గుంజ ఎక్కి, పంజరం ఊచల్లోంచి దూరి, చిలుక కాలికి కట్టిన నల్లదారం కటుక్కున కొరికేసింది. ఆ దారంలోనే ఉందర్రా కరాళుడి ప్రాణం! వాడు గావుకేక పెట్టి గుప్పెడు బూడిదైపోయాడు. పంజరం ఊడిపడింది, చిలుక రివ్వున ఎగిరిపోయింది. మూడు వందల మంది ఎప్పుడో ఎత్తిన కాళ్ళు అప్పుడు నేల మీద ఆనాయి.

రణధీరుడు తమ్ముణ్ణి కావలించుకుని ఏడ్చాడు. జరిగిందంతా విని మాత్రం హడలిపోయాడు. "తమ్ముడూ, ఈ వెనక్కి నడిచిన సంగతి నాన్నగారికి చెప్పకు. ఎదురెళ్ళి పొడిచానని చెప్పు. మేమిద్దరం సాక్ష్యం" అన్నాడు.

"లేదన్నయ్యా," అన్నాడు మణికేతుడు. "దాచితే అప్పుడు సిగ్గుపడాలి."

బిందెని శిఖరపురికి మోసుకొచ్చి మూత తియ్యగానే మబ్బులు బయటికి ఉరికాయి. వాన! మూడేళ్ళ వాన! జనం వీధుల్లో గంతులేశారు. సభలో రాజుగారు చేతులు చాచి, "ఎలా గెలిచావు నాయనా?" అన్నారు.

"వెనుకంజ వేసి గెలిచాను నాన్నగారూ."

భటుడు వాత కోసం అట్లకాడ కాల్చడానికి పరిగెత్తాడు. రాజుగారి చేతులు కిందికి వాలిపోయాయి. "ఆ మాటకి అర్థం తెలిసే అంటున్నావా?" అన్నారు. పండితుణ్ణి అడిగితే ఆయన నిఘంటువు తిరగేసి, "ఆ ఆకు... కాలిపోయింది ప్రభూ" అని నీళ్ళు నమిలాడు.

"అర్థం పొలంలో ఉంది నాన్నగారూ, రండి" అన్నాడు మణికేతుడు.

రాజుగారు వానలో తడుస్తూ గట్టు మీద నిలబడ్డారు. ఊటబావి మడిలో పెరిగిన నారు పంచుకుని ఆరు వందల మంది ఆడవాళ్ళు పాట పాడుకుంటూ, నారు మీంచి చూపు తిప్పకుండా, ఒక్కసారిగా వెనక్కి అడుగేస్తున్నారు. ఒక్కో అడుగుకి ఒక్కో వరుస పచ్చగా పరుచుకుంటోంది. డెబ్భై ఏళ్ళొచ్చాయి, ఏ రోజూ ఆయన అది చూడలేదు.

"నా సైన్యం కూడా ఇంత అందంగా కదలదే!" అన్నారాయన. కొడుకు వైపు తిరిగారు. "మణీ, ఆ రోజు పాము ముందు కూడా నువ్వు దాని మొహమే చూశావు కదూ? నేనే చూడలేకపోయాను. నువ్వు నా కొడుకువి నాయనా!" మణికేతుడి గుండెలో ముల్లు ఆ క్షణాన ఊడిపోయింది.

పండితుడు కొత్త ఆకు తెచ్చాడు. సింగారి చెప్తుంటే రాశాడు. 'వెనుకంజ: మొహం తిప్పకుండా, చూపు దించకుండా, గెలవడానికి చోటు చూసుకుంటూ కాలు వెనక్కి వేయడం. ప్రయోగం: శిఖరపురి ఆడవాళ్ళు ఏటా వెనుకంజ వేసి రాజ్యానికి అన్నం పెడుతున్నారు.'

ఆ పంట ఇంటికి రాగానే సింగారికీ మణికేతుడికీ పెళ్ళయింది. మడిలో పీతకి పట్టుగుడ్డ పరిచి పీట వేశారు. సందుల్లో బళ్ళు ఎదురుపడితే "నేను తీస్తానంటే నేను తీస్తాను" అని బండివాళ్ళు కొత్త తగువు పెట్టుకున్నారట!

తర్వాత అన్నలిద్దరూ తామే ముందుకొచ్చి తమ్ముణ్ణే రాజుని చెయ్యమన్నారు. పట్టాభిషేకం నాడు మేరుసింహుడు కిరీటం తీసి మణికేతుడి తల మీద పెట్టాడు. జన్మలో ఎన్నడూ కాలు వెనక్కి పెట్టని ఆ ముసలి సింహం, కొడుకు మొహంలోకి చూస్తూ, తల పైకెత్తి, సింహాసనం దగ్గర నుంచి వెనక్కి అడుగేశాడు. ఒకటి. రెండు. మూడు. సభ మొత్తం లేచి నిలబడింది.