దిష్టిబండికి కట్టిన నిమ్మకాయ

అనగనగా, రాజులు పోయి లారీలు వచ్చాక, గాడిదలు మాత్రం ఇంకా మాట్లాడటం మానని రోజుల్లో, సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ల ఊరొకటి ఉండేది. ఊళ్లో ఏడే ఇళ్లు. ఏడిళ్లవాళ్లూ ఉప్పు పండించేవాళ్లే.

పండించడం వాళ్ల చేతిలో ఉండేది. అమ్ముకోవడం మాత్రం కనకలింగం చేతిలో ఉండేది. ఎందుకంటే ఉప్పు కొనేవాళ్లు కొండమీది ఊళ్లలో ఉన్నారు, కొండెక్కే బళ్లు కనకలింగం దగ్గర ఉన్నాయి. పది బస్తాలు పైకి చేరిస్తే అందులో నాలుగు బస్తాలు అతని కిరాయి. అదైనా తొందరగా పంపేవాడు కాదు. తొలకరి మబ్బు కనిపించేదాకా ఆగేవాడు. వాన పడితే ఉప్పు కుప్పలు కరిగిపోతాయి. ఆ భయంతో ఊరివాళ్లు అతని గుమ్మం ముందు చేతులు కట్టుకుని, నడుం వంచి నిలబడేవాళ్లు. అప్పుడు నాలుగు బస్తాలు ఐదయ్యేవి.

ఒక ఏడు, ఎండాకాలం నడిమధ్యలో, గవిరమ్మ అనే ఆమె ఏడిళ్లవాళ్లనూ తన అరుగు మీద కూర్చోబెట్టింది.

"నానింక వంగను," అంది. "మనమే ఒక బండి కొందాం. పాతదైనా సరే, బరువుతో కొండెక్కే డీజిలు పికప్పు కావాలి."

"తోలేదెవరు?" అన్నారు మిగతావాళ్లు.

"ఉప్పుమళ్లలో పదేళ్లు ట్రాక్టరు తోలాను. నానే తోలతాను."

ఏడిళ్ల ఆడవాళ్లు కాళ్ల కడియాలు తీసి ఆమె ఒళ్లో పోశారు. వాటిని అమ్మితే ఒక పాత బండికి సరిపడా డబ్బు వచ్చింది. రెండోదానికి మిగలదు. బండి మంచిదైతే ఊరు నిలబడుతుంది. చెడ్డదైతే కడియాలూ పోతాయి, ఉప్పూ పోతుంది, మళ్లీ కనకలింగం గుమ్మమే గతి.

చిక్కు ఏమిటంటే, ఆ చుట్టుపక్కల పాత బళ్లు అమ్మేవాడు కూడా కనకలింగమే.

గవిరమ్మకు బూడిదయ్య అనే ముసలి గాడిద ఉండేవాడు. ఇరవై ఏళ్లు మళ్ల నుంచి కల్లానికి ఉప్పు మోశాడు.

"నన్నూ తీసుకెళ్లు," అన్నాడు బూడిదయ్య. "బరువు మొయ్యనివాళ్ల మాట విని బరువు మోసేదాన్ని కొంటావా?"

"అక్కడ నిన్ను చూసి నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేం బరువు కాదు. మొయ్యగలను."

మర్నాడు పొద్దు పొడిచేసరికి ఇద్దరూ కనకలింగం యార్డు చేరారు.

యార్డు కొండదారి మొదట్లో ఉంది. గేటు పక్కనే ఒక పికప్పు నిలబడి ఉంది. దాని ఒక తలుపు పచ్చది, ఇంకో తలుపు నల్లది. ఒళ్లంతా సొట్టలు. వెనక కొక్కేనికి ఒక లావుపాటి గొలుసు వేలాడుతోంది. కనకలింగం దానికి దిష్టిబండి అని పేరు పెట్టాడు. వచ్చినవాళ్లు ముందు దాన్ని చూస్తే, లోపలున్నవన్నీ పెళ్లికూతుళ్లలా కనిపిస్తాయని అతని ఎత్తు. అద్దం మీద సుద్దముక్కతో ధర కూడా రాశాడు. చూసినవాళ్లు నవ్వుకునేంత తక్కువ ధర.

ఆ యార్డుకు ఒక కట్టుబాటు ఉంది. సంతలో ఎద్దును కొన్నవాడు పలుపుతాడు పట్టుకున్నట్టు, ఇక్కడ కొనేవాడు బండి బంపరుకు నిమ్మకాయ కట్టాలి. కట్టాడా, బేరం ముగిసినట్టే. అద్దం మీది ధర ఇచ్చి తోలుకుపోవాలి. కొన్నవాడు వద్దనకూడదు, అమ్మినవాడు కాదనకూడదు. ఈ కట్టుబాటు పెట్టింది కనకలింగమే. బండి గేటు దాటకముందే ఆగిపోయి, కొన్నవాళ్లు వెనక్కి తిరిగి వస్తుంటే వాళ్ల నోరు మూయించడానికి పెట్టాడు.

గవిరమ్మ కొంగున నిమ్మకాయ ముడివేసుకుని లోపలికి వచ్చింది.

"రా గవిరమ్మా, రా!" అన్నాడు కనకలింగం. "ఏటి, గాడిదను తోలుకొచ్చావు? మార్పిడి కింద ఇస్తావా ఏటి?"

బళ్లు చూడటానికి వచ్చిన జనం పాతికమంది దాకా ఉన్నారు. అందరూ గొల్లుమన్నారు.

"ఇదిగో, ఈ ఎర్రబండి చూడు," అన్నాడతను. "అద్దంలా మెరుస్తోంది. పూలబుట్టలు తప్ప దీని జన్మలో ఇంకేమీ మొయ్యలేదు. కట్టెయ్ నిమ్మకాయ!"

గవిరమ్మ నిమ్మకాయ తియ్యలేదు. కొంగు నడుముకు దోపి, వంగి, బండి కిందకు దూరింది.

"అదేం పనమ్మా!" అని జనం మళ్లీ నవ్వారు. "బండిని పైన చూసి కొంటారు గానీ, కింద పాకి కొంటారా?"

బూడిదయ్య కూడా మెడ సాచి తల కింద పెట్టాడు. బండి అడుగు చట్రాన్ని ఒకసారి నాకాడు. రెండోసారి నాకాడు. ఇక ఆపలేదు.

"ఏటి బూడిదయ్యా?"

"నువ్వే రుచి చూడు."

గవిరమ్మ చట్రం అతుకు దగ్గర వేలు పెట్టి రాసి, నాలుకకు తగిలించింది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన రుచే. రాయి తీసుకుని అక్కడ కొట్టింది. రాయి ఇనుములో దిగబడింది. ఎర్రరంగు పెచ్చులతో పాటు తుప్పు పొడిపొడిగా రాలింది.

ఆమె బయటికి వచ్చి చీర దులుపుకుంది.

"కనకలింగం బావూ, పూలు ఉప్పగా ఉంటాయా? ఇది మా ఉప్పు మోసిన బండే. ఉప్పునీరు కారికారి చట్రాన్ని తినేసింది. మీరు పైన రంగేశారు."

కనకలింగం మొహం కొంచెం మాడింది. అయినా తగ్గలేదు.

"సరే, నీలంబండి చూడు. వారం రోజులుగా దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఒక్క తిప్పుకు ఎలా లేస్తుందో విను. కట్టెయ్ నిమ్మకాయ!"

మెకానిక్కు ఈశ్వర్రావు తాళం చేత్తో పట్టుకుని ఎక్కబోయాడు. బూడిదయ్య బండికి అడ్డంగా నిలబడి, బానెట్టుకు ముక్కు ఆనించాడు.

"వారం రోజులు పడుకున్నవాడి ఒళ్లు ఇంత వెచ్చగా ఉంటుందా?" అన్నాడు.

"ఎండకు వేడెక్కింది!" అన్నాడు కనకలింగం.

"ఎండ ఇంకా గోడ దాటలేదు బావూ," అంది గవిరమ్మ. "మేం రాకముందే ఎవరో దీన్ని లేపి, కాచి ఉంచారు. చల్లారనివ్వండి. అప్పుడు తిప్పుదురు గాని."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"మడిలో ఉప్పు పేరడానికి వారాల తరబడి కూర్చుంటాం మేం. ఇదెంత?"

ఆమె అక్కడే నేల మీద కూర్చుంది. గాడిద పక్కన నిలబడ్డాడు. పొద్దు గోడెక్కింది, గోడ దిగింది. కనకలింగం రెండుసార్లు టీ తాగాడు, మూడుసార్లు వచ్చి తొంగిచూశాడు. పోతుందేమోనని జనం చూశారు. ఆమె పోలేదు. జనమూ పోలేదు.

బానెట్టు చల్లారాక ఈశ్వర్రావు తాళం తిప్పాడు. ఇంజను దగ్గింది. మళ్లీ తిప్పాడు. మూలిగింది. మూడోసారి కూడా అంతే. నాలుగోసారి గడగడలాడుతూ లేచి, సైలెన్సరులోంచి నీలిపొగ కక్కింది. కాలిన ఆయిలు వాసనకు ముందు వరసలోవాళ్లు ముక్కులు మూసుకున్నారు.

"ఇది డీజిలు కంటే ఆయిలే ఎక్కువ తాగేలా ఉంది," అంది గవిరమ్మ.

కనకలింగానికి కోపం వచ్చింది. "నీలాంటి బేరం నా జన్మలో చూడలేదు! ఇదిగో పసుపుబండి. కిందకు దూరతావా? దూరు. గాడిద చేత నాకిస్తావా? నాకించు. చల్లగా ఉందో లేదో ముట్టుకో."

గవిరమ్మ నిజంగానే కిందకు దూరింది. బూడిదయ్య ఒకసారి నాకి ఊరుకున్నాడు. బానెట్టు చల్లగా ఉంది. తాళం తిప్పగానే ఇంజను లేచింది. పొగ లేదు.

"ఇంకేం వంక?" అన్నాడు కనకలింగం, చేతులు నడుం మీద పెట్టుకుని. "కట్టెయ్ నిమ్మకాయ!"

"కడతాను. ముందు బరువుతో కొండెక్కించండి."

"బరువెక్కణ్ణుంచి తేను?"

గవిరమ్మ జనం వైపు తిరిగింది.

"పొద్దుటి నుంచి నవ్వుతున్నవాళ్లు పాతికమంది ఉన్నారు కదా. ఎక్కండి నాయనా. మీ నవ్వులు కూడా తూకానికి వస్తాయేమో చూద్దాం."

సరదా కొద్దీ అందరూ ఎక్కారు. ఈశ్వర్రావు బండిని గేటు దాటించి కొండదారి పట్టించాడు. సగం ఎత్తు ఎక్కేసరికి ఇంజను గట్టిగా అరవడం మొదలుపెట్టింది. అరుపు పెరిగే కొద్దీ చక్రాలు నెమ్మదించాయి. చివరికి ఇంజను అరుస్తూనే ఉంది, బండి మాత్రం నిలబడిపోయింది. క్లచ్చి కాలిన కంపు కొండంతా కమ్ముకుంది.

"క్లచ్చి అరిగిపోయింది," అన్నాడు వెనకాలే నడిచొచ్చిన బూడిదయ్య. "అరుపే ఉంది, అడుగు లేదు."

ఈశ్వర్రావు బ్రేకు వేసి, దిగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, కిందకు పరిగెత్తాడు. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఏం చేస్తాడో అదే చేశాడు. యజమాని మొహం చూడనైనా చూడలేదు. నేరుగా దిష్టిబండి ఎక్కి తాళం తిప్పాడు. పొద్దుటి నుంచీ కదలని ఆ బండి ఒక్క తిప్పుకు లేచింది. దడదడమంటూ ఎదురెక్కి, పసుపుబండిని దాటి ముందు నిలబడింది. గొలుసు తగిలించాడు. దిష్టిబండి పాతికమందినీ, వాళ్లు కూర్చున్న బండినీ కలిపి పైన చదును దాకా లాక్కెళ్లింది. అక్కడ తిప్పి, కిందకు తెచ్చి, యార్డు మధ్యలో నిలబెట్టింది.

ఇప్పుడెవరూ నవ్వలేదు.

"ఈశ్వర్రావు నాయనా," అంది గవిరమ్మ మెల్లగా. "మీ బళ్లు ఈ కొండదారి ఘాటీలో ఆగిపోతే ఏం చేస్తారు?"

"ఇదే వెళ్లి లాక్కొస్తాదమ్మా. వారానికి రెండుసార్లు," అన్నాడు ఈశ్వర్రావు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

గవిరమ్మ దిష్టిబండి కిందకు దూరింది. రాయితో చట్రాన్ని కొట్టింది. కంచులా మోగింది. బూడిదయ్య నాకి, తుమ్మాడు.

"మట్టి, గ్రీజు," అన్నాడు. "ఉప్పు లేదు. వీపు మీద సొట్టలున్నాయి. నా వీపు మీదా ఉన్నాయి. టైర్లు మాత్రం అరిగిపోయాయి."

"టైర్లు మార్చుకోవచ్చు," అంది గవిరమ్మ.

కొంగు ముడి విప్పింది. దిష్టిబండి బంపరుకు నిమ్మకాయ కట్టింది.

"ఏయ్! ఏయ్!" కనకలింగం చెప్పులు జారిపోతున్నా పరిగెత్తుకొచ్చాడు. "అది అమ్మకానికి కాదు! దిష్టికి పెట్టింది!"

"అద్దం మీద ధర ఎవరు రాశారు బావూ?"

"నవ్వుకోడానికి రాశాను!"

"నానూ నవ్వుతూనే కట్టాను."

కనకలింగం నిమ్మకాయ తెంపడానికి చెయ్యి చాపాడు. అప్పుడు పసుపుబండి మీంచి ఒక పెద్దాయన దిగాడు. నిరుడు అక్కడే బండి కొన్నవాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు. "నేను కొన్న బండి ఈ గేటు దగ్గరే ఆగిపోయింది. వద్దని వస్తే, నిమ్మకాయ కట్టావు కదా, ఇంకేం మాట్లాడకన్నావు. ఆ మాట నాకైతే ఒకటి, నీకైతే ఒకటీనా?"

మిగతా ఇరవై నాలుగు మందీ దిగి అతని వెనక నిలబడ్డారు. అందులో సగం మంది నిరుడో మొన్నో నిమ్మకాయ కట్టి మోసపోయినవాళ్లే.

కనకలింగం చెయ్యి తీశాడు. నోరు మాత్రం మూయలేదు.

"పో! తోలుకుపో! రేపు ఘాటీలో ఆగిపోయి నా దగ్గరకు వస్తావు. లాగడానికి ఒక్క బండి పంపను!"

"లాగే బండి మా దగ్గరే ఉంది కదా బావూ," అంది గవిరమ్మ.

పాతికమందీ నవ్వారు. పొద్దుటి నవ్వే. ఈసారి అది ఇంకో వైపు తిరిగింది.

అద్దం మీది ధర ఇవ్వగా మిగిలిన డబ్బుతో నాలుగు కొత్త టైర్లు వచ్చాయి. తొలకరి మబ్బు ఇంకా సముద్రం దాటకముందే ఏడిళ్ల ఉప్పూ కొండెక్కడం మొదలైంది. మొదటి రోజు బూడిదయ్యను బస్తాల పక్కన ఎక్కించారు. ఇరవై ఏళ్లు బరువు మోసినవాడు ఆ రోజు తనే బరువై కూర్చుని, దారిపొడుగునా చెవులు ఊపుతూ వెళ్లాడు.

మూడో రోజు, మూడో మలుపు దగ్గర, ఎర్రబండి చట్రం విరిగి దారికి అడ్డంగా కూలబడి ఉంది. దాని మీద ఎవరివో ధాన్యం బస్తాలు. పక్కన కనకలింగం. ఆకాశంలో మబ్బు పట్టింది. ధాన్యం తడిస్తే పరిహారం అతను కట్టాలి.

దిష్టిబండిని చూడగానే అతను చేతులు కట్టుకున్నాడు. నడుం వంచాడు.

"వంగకండి బావూ," అంది గవిరమ్మ. "నాను చూడలేను. నిటారుగా నిలబడి గొలుసు తగిలించండి."

"కిరాయి ఎంత తీసుకుంటావు? పదికి నాలుగా?"

"అది మీ రేటు. నా రేటు వేరే."

బస్తాలన్నీ దిష్టిబండి లోకి మార్పించింది. ఎర్రబండిని దారి పక్కకు లాగింది. తరవాత డాష్‌బోర్డు మీంచి సుద్దముక్క తీసి కనకలింగం చేతికిచ్చింది.

"ఇది ఏం మోసిందో దీని అద్దం మీద రాయండి. ఇక మీదట మీ యార్డులో ప్రతి బండి మీదా, ధర పక్కన అది కూడా రాయండి. అదే కిరాయి."

కనకలింగం ఎర్రబండి అద్దం దగ్గరకు నడిచాడు. పైన ఉరిమింది. 'ఉప్పు మోసిన బండి' అని రాశాడు.

"అక్షరాలు చిన్నవయ్యాయి," అన్నాడు బూడిదయ్య. "ధర రాసినంత పెద్దగా రాయమను."

అతను తుడిచి మళ్లీ రాశాడు.

కనుక పిల్లలూ, పెద్దలూ, ఇది గుర్తుంచుకోండి: కొనేముందు వంగి చూడటానికి సిగ్గుపడనివాళ్లు, కొన్నాక ఎవరి ముందూ వంగనక్కర్లేదు.